నీళ్ళలో కూత

కిందటి వారం కథని చంద్రరావు గారి వరండాలో ఆపాను. నాకిచ్చిన కాఫీ బల్ల మీద చల్లారిపోయింది. స్తంభానికి ఆనుకుని మా జట్టు పిల్ల హేమశ్రీ వెక్కివెక్కి ఏడుస్తోంది. ఎంతో బతిమాలితే ఆ పిల్ల నోట్లోంచి ముందు వచ్చింది ఒక్క మాటే. "పెద్దింట్లు జారిపడలేదు మేడం. మేమే మునక వేయించాం."

ఈ వారమే పత్రిక తెరిచినవాళ్ళు కంగారుపడకండి, చెబుతాను. నా పేరు రాణి. రాజమండ్రికి దిగువన, లాకుల పక్కన ఉన్న ఆడపిల్లల కబడ్డీ క్లబ్బుకి కోచ్‌ని. చంద్రరావు గారు మా క్లబ్బు ప్రెసిడెంటు, కొబ్బరితోటల ఆసామి. పెద్దింట్లు ఉప్పాడ నుంచి కొత్తగా వచ్చిన బెస్తల పిల్ల. కార్తీకమాసం చివర్లో, నేను టోర్నమెంటు ఏర్పాట్ల కోసం పెనుగొండ వెళ్ళిన రోజున, లాకుల దగ్గర కాలవలో చనిపోయింది. మెట్ల మీద ఫిట్స్ వచ్చి జారిపడిందన్నారు. పంచనామాలో అదే రాశారు. నేనూ అదే నమ్మాను. నమ్మక ఏం చేస్తాను, చెప్పింది నా పిల్లలే కదా!

మునక అంటే ఏమిటో కూడా చెప్పాలి. కబడ్డీలో కూత పెట్టేవాళ్ళకి దమ్ము కావాలి. ఒక్క ఊపిరి మీద అవతలి గీత దాటి వెళ్ళి, మనిషిని తాకి వెనక్కి రావాలి. కూత తెగిందా, ఔట్. దమ్ము నిలబడ్డానికి నేను వేసవిలో పిల్లల్ని కాలవలోకి దింపి, మునిగి ఊపిరి బిగబట్టమంటాను. నేను గట్టు మీదే ఉంటాను. విజిల్ నా మెళ్ళోనే ఉంటుంది. అది ఊదానంటే అందరి తలకాయలూ పైకి రావాల్సిందే. ఈ గాడిదలు దాన్ని నా వెనకాల కొత్తపిల్లల్ని జట్టులో చేర్చుకునే ఆచారం కింద మార్చారు. ఆ సంగతి హేమశ్రీ ఆ వరండాలోనే వెక్కిళ్ళ మధ్య చెప్పింది, చేసిందెవరో మాత్రం చెప్పలేదు.

హేమశ్రీని చంద్రరావు గారి భార్య లోపలికి తీసుకెళ్ళింది. ఆయన కుర్చీ నా దగ్గరికి లాక్కున్నారు.

"రాణీ గారూ, మీరు ఆవేశపడకండి. చిన్నపిల్లలు. సరదాకి చేశారు, ఖర్మకాలి అలా అయింది. హేమశ్రీని రెండు మ్యాచ్‌లు కూర్చోబెడదాం. క్రమశిక్షణ చర్య అని పేపర్లో కూడా వేయిద్దాం. ఫైనల్ నాటికి మళ్ళీ దించుదాం."

"ఎందుకు కూర్చోబెట్టారని అడిగితే ఏం చెబుతారండీ?"

"ప్రాక్టీసుకి ఆలస్యంగా వచ్చిందని."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పిల్ల ప్రాణం పోతే, ఆలస్యంగా వచ్చినందుకని శిక్షా! మీకు నోరెలా వచ్చిందండీ?"

ఆయనకి కోపం రాలేదు. వస్తే బావుండేది. కండువాతో మొహం తుడుచుకుని నెమ్మదిగా అన్నారు. "మీరు నా వైపు నుంచి చూడండమ్మా. పెనుగొండలో పోలీసు డిపార్ట్‌మెంటు వాళ్ళు సెలక్షన్‌కి వస్తున్నారు. మన పిల్లల్లో నలుగురికి ఉద్యోగం ఖాయమంటున్నారు. హేమశ్రీ వాళ్ళ నాన్న జంగారెడ్డిగూడెం నుంచి ప్రతి వారం బస్సెక్కి వచ్చి నా చేతులు పట్టుకుంటున్నాడు. ఇప్పుడు ఇది బయటపెడితే అందరి బతుకూ గంగలో కలుస్తుంది. ఆట వేరు, బయట జరిగింది వేరు. కోర్టులో తప్పు చేస్తే రిఫరీ ఉన్నాడు. బయట తప్పులకి మనమెవరమండీ?"

"బయట ఏంటండీ? జట్టులో చోటు కోసం కాదూ ఆ పిల్ల నీళ్ళలో దిగింది? ఆ చోటు ఇస్తామన్నది మన పిల్లలు కాదూ? ఇంక బయటెక్కడ?"

"అయితే ఏం చేద్దామంటారు?"

"చేసిందెవరో తేలాలి. ఆ పిల్ల మళ్ళీ ఈ జెర్సీ వేసుకోకూడదు. స్టేషన్‌కి నేనే తీసుకెళ్తాను. మిగతావాళ్ళు ఈ ఏడాది ఆడరు. ఉద్యోగాలు పోతే పోతాయి."

"అంత మాట అనేశారేంటండీ! రేపు మీ అమ్మాయి కూడా ఆడదా మరి? జట్టు కెప్టెన్ కదా?"

"ఆడదు" అన్నాను. ఆ మాట అనడానికి నాకేమీ కష్టం అనిపించలేదు. హారతి నా కూతురే కానీ, గ్రౌండులో నన్ను మేడం అనే పిలుస్తుంది. ఇద్దరం మొదటి రోజే పెట్టుకున్న కట్టుబాటు అది.

మర్నాడు పొద్దున్న మామూలుగానే గ్రౌండుకి వెళ్ళాను. పిల్లలు వరసలో నిలబడ్డారు. పెద్దింట్లు పోయిన దగ్గర్నుంచీ వీళ్ళు వరస చివర ఒక మనిషి పట్టేంత ఖాళీ వదులుతున్నారు. చనిపోయిన పిల్ల మీద గౌరవం కాబోలని ఇన్నాళ్ళూ నేను మురిసిపోయాను. బతికుండగా ఇవ్వని చోటు చచ్చాక ఇస్తున్నారని ఆ పొద్దున్న అర్థమైంది.

ఏమీ ఎరగనట్టే హేమశ్రీని కూతకి పంపాను. గీత దాటింది. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ కుడి మూలకి వెళ్ళింది. అక్కడ ఎవరూ తాకకుండానే, ఎవరూ పట్టుకోకుండానే, కూత తెగిపోయింది. రోజూ జరుగుతున్నదే. నేను విజిల్ నోట్లో పెట్టుకోబోయాను. కానీ కూత వినిపిస్తూనే ఉంది.

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాను. మా అత్తగారు తాయెత్తు కట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నదాన్ని. కానీ ఆ కూత నాకు వినిపించింది. సన్నగా, తడిగా, లాకుల వైపు నుంచి. హేమశ్రీ నోరు మూసుకుని ఉంది. మిగతావాళ్ళెవరూ నోరు మెదపడం లేదు. లాకుల తలుపులు వేసే ఉన్నాయి, నీళ్ళలో కదలిక లేదు. పిల్లలందరూ తలలు దించుకుని నేల వైపు చూస్తున్నారు. వాళ్ళకీ వినిపిస్తోందని, చాలా రోజుల నుంచీ వినిపిస్తోందని వాళ్ళ మొహాలే చెప్పాయి. భయమేసింది.

కూత ఆగాక అటు చూస్తే, లాకుల మెట్ల మీద ఒక మనిషి కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, ఆవిడ వీరవేణి. పెద్దింట్లు తల్లి. ఉప్పాడ నుంచి మొదటి బస్సుకి వచ్చిందట. ఒడిలో గుడ్డ సంచి, నీళ్ళ వైపే చూపు.

"ఇక్కడేనాండీ?" అంది నా వైపు తిరక్కుండానే.

"ఇక్కడేనమ్మా."

మెట్లు దిగి నీళ్ళలో నిలబడింది. చీర కుచ్చిళ్ళు తడిశాయి. ఇంకో మెట్టు దిగింది. నేను గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"భయపడకండి టీచరుగారూ, చావడానికి రాలేదు. లోతెంతో చూద్దామనొచ్చాను" అంది. నడుం దాకా వచ్చిన నీళ్ళని అరచేత్తో అటూ ఇటూ తోసింది. "నడుంలోతండి. ఇంతేనండి. మా ఇంటిని సముద్రం తినేసిననాడు, నా పిల్ల అలల్లోకి ఈదుకెళ్ళి కొట్టుకుపోతున్న మా బియ్యం డబ్బా లాక్కొచ్చిందండి. నేను గట్టున నిలబడి తిట్టాను, రావే ముండా, పోతావే అని. నవ్వుకుంటూ వచ్చింది. అలాంటిది నడుంలోతు నీళ్ళలో ఎలా పోయిందండి? ఫిట్స్ అంటారేంటండి? నా పిల్లకి ఒక్కనాడు తలనొప్పన్నా రాలేదు."

హేమశ్రీ చెప్పింది చెప్పేశాను. మునక సంగతి, ఆచారం సంగతి, అన్నీ. చెబుతున్నంతసేపూ ఆవిడ నీళ్ళలోనే నిలబడి వింది. ఏడుస్తుందనుకున్నాను, నన్ను కొడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"ఎవరండి?" అంది.

"ఇంకా తెలీదు. ఈ పూటే తేలుస్తాను."

"తేల్చి?"

ఆవిడ తడిచేతిలో నా చెయ్యి వేశాను. "ఎవరైనా సరేనమ్మా. గొప్పింటి పిల్ల కానీ, రేపు దేశానికి ఆడబోయే పిల్ల కానీ. మీ ఎదురుగా పేరు చెబుతాను. నా చేత్తో స్టేషన్‌లో అప్పజెబుతాను. దాచనని మాటిస్తున్నాను."

వీరవేణి నా మొహంలోకి చూసింది. "మీరు ఆడపిల్ల తల్లి కదండి. నమ్ముతాను" అంది. "నేనిక్కడే కూర్చుంటానండి. కనుక్కుని రండి."

పిల్లలు ఉండేది గ్రౌండు పక్కనే ఉన్న పెంకుటింట్లో, హారతి కూడా వాళ్ళతోనే. ఏడుగుర్నీ చాపల మీద కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేశాను. హేమశ్రీ ముందు కూర్చుంది. హారతి కిటికీ పక్కన, గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"దాని తల మీద ఎవరి చెయ్యి ఉంది?" అన్నాను.

ఒకత్తె చాప పుల్లలు పీకుతూ కూర్చుంది.

"మిమ్మల్నే! రోజూ గొంతులు చించుకుంటారు కదే, ఇప్పుడేమయ్యాయి? నీళ్ళలో దాన్ని తొక్కిపట్టిందెవరు?"

"ఎవరూ పట్టలేదు మేడం" అంది హేమశ్రీ. "ఒట్టు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు."

"ముట్టుకోకపోతే నడుంలోతు నీళ్ళలో ఎలా చస్తుందే?"

"అదే పట్టుకుంది మేడం." హేమశ్రీ తన ముంజేతిని రెండో చేత్తో పట్టుకుంది. "మునకలో రూల్ ఒకటే. విజిల్ ఊదకుండా పైకి లేస్తే జట్టులో చోటు లేదు. మేమందరం అలా వచ్చినవాళ్ళమే. దానికీ అదే చెప్పాం. 'లేవనక్కా, మీరే చూస్తారుగా' అని నవ్వింది. పైకి తేలిపోతానేమోనని లాకుల గొలుసు ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుని మునిగింది."

నాకు కూర్చోవాలనిపించింది. నిలబడే ఉన్నాను.

"తర్వాత?"

"నీళ్ళలోనే కూత పెట్టమన్నాం మేడం. బుడగలు వస్తున్నంతసేపూ కూత ఉన్నట్టే. అది మా లెక్క. బుడగలు వచ్చాయి. చాలాసేపు వచ్చాయి. ఇంత దమ్మేంటే దీనికి, సముద్రం పిల్ల కదా అని మేం చప్పట్లు కొట్టాం." హేమశ్రీ రెండు చేతులతో మొహం మూసుకుంది. "అది కూత పెడుతోందనుకున్నాం మేడం. ఊపిరి పోతోందని తెలీలేదు. బుడగలు వస్తూనే ఉన్నాయి. మేం చప్పట్లు కొడుతూనే ఉన్నాం."

గదిలో ఇద్దరు ముగ్గురు బావురుమన్నారు. నాకు ఏడుపు రాలేదు. ఆ పిల్ల నీళ్ళ అడుగున, గొలుసు చేతికి చుట్టుకుని, పైన తన కోసం కొట్టిన చప్పట్లు వినే ఉంటుంది. వినపడకుండా ఉంటే బావుణ్ణని ఆ క్షణంలో దేవుణ్ణి వేడుకున్నాను. ఇప్పటికీ వేడుకుంటున్నాను.

చేతులు వెయ్యలేదు. తొక్కిపట్టలేదు. మరైతే తప్పెవరిది? అందరిదీ అంటే ఎవరిదీ కానట్టే. చంద్రరావు గారికి కావలసింది సరిగ్గా అదే. నేను కోచ్‌ని. ఆటలో ఎవరి కాలు గీత దాటిందో చూడ్డమే నా పని. ఆలోచించాను. పిల్లలు విజిల్ కోసం ఆగారు, నీళ్ళలో ఉన్న పిల్ల కూడా విజిల్ కోసమే ఆగింది.

"విజిల్ ఎవరి దగ్గరుంది?" అన్నాను.

ఏడుస్తున్నవాళ్ళు కూడా ఏడుపు ఆపేశారు.

"హేమశ్రీ, నిన్నే. విజిల్ ఎవరి దగ్గరుంది?"

హేమశ్రీ కళ్ళు తుడుచుకుని తిన్నగా నా వైపు చూసింది. "నా దగ్గరే మేడం. నా పేరు చెప్పెయ్యండి. ఎలాగూ అందరూ నేనే అనుకుంటున్నారు. ప్రెసిడెంటు గారు కూడా నన్నే కూర్చోబెడదామన్నారు, లోపల్నుంచి విన్నాను."

మరీ గబగబా చెప్పింది. అబద్ధమని తెలిసిపోతూనే ఉంది. ఎందుకు ఆడుతోందో మాత్రం నాకు తట్టలేదు. అప్పుడు కిటికీ దగ్గర్నుంచి వినిపించింది.

"నా దగ్గరుందమ్మా."

అమ్మా అంది. ఇన్నేళ్ళలో గ్రౌండులో గానీ ఈ గదిలో గానీ ఒక్కసారి అనని మాట. నేను తిరిగి చూడ్డానికి కొంచెంసేపు పట్టింది.

"నువ్వు పెనుగొండ వెళ్ళినప్పుడు విజిల్ మేకుకి తగిలించి వెళ్ళావు" అంది హారతి. "నేను తీసుకొచ్చాను. నోట్లోనే పెట్టుకున్నాను."

"మరి ఊదలేదేం?"

"నాకన్నా ఎక్కువసేపు ఉందమ్మా. జట్టులో నాకన్నా ఎక్కువసేపు ఎవరూ ఉండలేదు. ఊదితే అది గెలిచినట్టు. ఊదకపోతే దానంతటదే లేస్తుంది, అప్పుడు ఓడిపోయినట్టు. లేస్తుందిలే అనుకున్నాను. ఇంకాస్త చూద్దాం, ఇంకాస్త చూద్దాం అనుకున్నాను. తర్వాత నేనే దూకాను. గొలుసు ఊడదీసింది నేనే. అది అప్పటికే..."

నేను దాని దగ్గరికి వెళ్ళాను. కొట్టడానికి వెళ్ళానో, దగ్గరికి తీసుకోవడానికి వెళ్ళానో నాకే తెలీదు. చెయ్యి ఎత్తాను. అది తల వంచుకుని కదలకుండా కూర్చుంది. ఎత్తిన చెయ్యి అలాగే దించేశాను. నిన్నటి దాకా రాష్ట్రం మొత్తం మీద ఇంత క్రమశిక్షణ ఉన్న జట్టు లేదని విర్రవీగాను. నా కూతురే ఆ క్రమశిక్షణకి ప్రాణమని చెప్పుకుని తిరిగాను. థూ!

"మేడం, నా పేరే చెప్పండి" అని హేమశ్రీ నా చీర కొంగు పట్టుకుంది. "హారతి అక్క అన్నం తిని ఎన్నాళ్ళయిందో మీకు తెలీదు. పడుకున్నా నిద్రలో విజిల్ ఊదుతున్నట్టు బుగ్గలు పూరిస్తోంది. మాకు భయమేస్తోంది. నేనైతే తట్టుకుంటాను. మీరు ఊఁ అంటే చాలు, ఎవరూ నోరెత్తరు."

ఏడుగురూ నా వైపు చూస్తున్నారు. ఊఁ అంటే చాలు. ఎంత తేలికో చూడండి. చంద్రరావు గారు సంతోషిస్తారు, హేమశ్రీ రెండు మ్యాచ్‌లు కూర్చుంటుంది, నా పిల్ల నాకు దక్కుతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. గట్టిగా పళ్ళు బిగబట్టుకుని నిలబడ్డాను.

తలుపు కిర్రుమంది.

గుమ్మంలో వీరవేణి. చీర అంచుల్లోంచి నీళ్ళు కారి గడప మీద మడుగు కడుతున్నాయి. ఎప్పుడొచ్చిందో, ఏం విందో తెలీదు. మొహం చూస్తే ఏమీ విన్నట్టు లేదు. "ఏడుపులు వినపడ్డాయండి. తేలిందేమోనని వచ్చాను" అంది.

"తేలిందమ్మా" అన్నాను.

"పేరు చెప్పండి మరి." గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, నాకు మాత్రమే వినపడేలా గొంతు తగ్గించింది. "ఒక్క మాటండి. ముందు మీ హారతిని నా దగ్గరికి పంపండి. పిచ్చిపిల్ల, ఒక్కసారే వింటే తట్టుకోలేదు. మీకు చెప్పొద్దందనుకోండి. అయినా ఇప్పుడు చెప్పక తప్పదు. ప్రతి ఆదివారం ఉప్పాడ వస్తుందండి. నా తల దువ్వి, వండిపెట్టి, ముద్దలు కలిపి నా నోట్లో పెట్టి, సాయంత్రం బస్సుకి పోతుంది. అమ్మా అని పిలుస్తుంది. నేనింకా బతికున్నానంటే ఆ పిల్ల వల్లేనండి."

ఆదివారాలు స్నేహితురాలి ఇంటికని చెప్పి వెళ్ళేది. నేను అడగలేదు.

వీరవేణి నన్ను దాటి కిటికీ వైపు చూసింది. గోడవారగా ముడుచుకున్న నా కూతుర్ని చూడగానే ఆ మొహం మెత్తబడింది. తడిచెయ్యి చాపింది.

"ఇలా రామ్మా హారతీ. నా పక్కన నిలబడు. భయంలేదు, నేనున్నాగా."

హారతి లేచింది. చాపల మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి, ఆ చెయ్యి పట్టుకుంది. వీరవేణి దాన్ని దగ్గరికి పొదువుకుని, తల తన భుజానికి ఆనించుకుని, నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పండి టీచరుగారూ. ఎవరు?"